నల్లగొండల కిరాయి ఇల్లు, ఓనర్ అడిగినయన్నీ ఇయ్యాల్నా?

అన్నలు, అక్కలు జర చెప్పుండ్రి. నాది దేవరకొండ దిక్కు, నల్లగొండల ప్రైవేట్ జాబ్ వచ్చి నెల గూడ కాలే. వారం సంది క్లాక్ టవర్ కాడికెళ్లి రామగిరి, పానగల్ దాకా టులెట్ బోర్డులు చూస్కుంట తిరుగుతున్న, బ్యాచిలర్ అనంగనే సగం మంది గేటు కాడ్నే లేదంటున్రు, మిగిలినోళ్లు మీరేమోళ్లు అని అడుగుతున్రు (కిరాయికి కులమెందుకో నాకైతే సమజ్ కాలే).

ఆఖరికి ఒక సింగిల్ బెడ్రూం దొరికింది, 6,500 కిరాయి, రెండు నెల్ల అడ్వాన్స్, కరెంటు బిల్లు వేరే. ఓనర్ మంచోడే గని ఆధార్ జిరాక్స్, మూడు నెల్ల పే స్లిప్పులు కావాలంటున్నడు, నాకింక మొదటి జీతమే పడలే, ఆఫర్ లెటర్ చూపిస్త అంటే గదేం కాయితం అన్నడు. బాపు వచ్చి సంతకం పెడ్తడంటే నడుస్తదా? చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే ఏమన్న అనుకుంటడా?

ఇంకోటి, అగ్రిమెంట్ 11 నెల్లకే రాస్తడట, అందరు గట్లనే రాస్తరని దోస్తు అన్నడు, అది సరే గని ఖాళీ చేసేటప్పుడు సున్నాలకని ఒక నెల అడ్వాన్స్ కోసుకుంటడట, గది గూడ కాయితంల రాపియ్యాల్నా, నోటిమాట చాలా? ఆదివారం లోపు చెప్పకపోతే వేరేటోళ్లకిస్త అన్నడు.