గాలికుంటు, కోమారి, కాలుబాయి జ్వర: ఇవన్నీ ఒకే జబ్బా?

ప్రశ్న (హోసూరు దగ్గరి పల్లె నుంచి):
మేము ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం. పశువుల ఆసుపత్రిలో తమిళం, ఆవులు కొనే సంతలో కన్నడం వినిపిస్తాయి. సంతలో కొన్న ఆవు, ఇంటికి వచ్చిన అయిదో రోజున మేత మానేసి, తీగలు తీగలుగా చొంగ కారుస్తూ, ముందుకాలు నేలకు ఆనించలేక విదిలించసాగింది. నాన్నగారు గాలికుంటు అన్నారు, డాక్టరుగారు చీటీలో కోమారి అని రాశారు, ఆవును అమ్మినాయన ఫోనులో కాలుబాయి జ్వర అన్నారు. ఇవి మూడూ ఒకటేనా? ఇటీవలే మా అన్నయ్య కొడుక్కి అరచేతుల్లో, అరికాళ్లలో, నోట్లో పొక్కులు వచ్చాయి. అది ఆవు నుంచే అంటిందేమోనని వదిన భయపడుతోంది.

జవాబు 1 (పశువైద్యుడు):
మూడూ ఒకటేనండి, ఇంగ్లీషులో ఫుట్ అండ్ మౌత్ డిసీజ్ అనే వైరస్ జబ్బు. గిట్టలు చీలిన ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, పందులకు వస్తుంది, గుర్రాలకు రాదు. పిల్లవాడి జబ్బుకు పేరు (హ్యాండ్, ఫుట్ అండ్ మౌత్ డిసీజ్) దగ్గరగా ఉన్నా దాన్ని కలిగించేవి మనుషుల్లో తిరిగే ఎంటెరోవైరస్‌లు కనుక, మీ వదినగారు ఆవును అనుమానించనక్కరలేదు. ఆవును వెంటనే విడిగా కట్టి, పలచని పర్మాంగనేటు నీళ్లతో నోరు, గిట్టలు కడిగి, నోటి పుండ్లకు గ్లిజరిన్‌లో కలిపిన బోరిక్ పొడి రాయండి. దూడ ఉంటే దాన్ని తల్లి దగ్గరికి వదలకండి. ఈ వైరస్ లేతదూడల గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, పొక్కు కూడా కనబడకముందే అవి కూలిపోతాయి.

జవాబు 2 (భాషాధ్యాపకురాలు):
పేర్ల సంగతి నేను చెబుతాను. కన్నడంలో బాయి అంటే నోరు, బావిని పిలిచే మన తెలంగాణ బాయి కాదు. హిందీవారి ఖుర్‌పకా-ముఁహ్‌పకా గిట్ట, నోరు పుండ్లు పడడాన్ని చెబుతుంది. మరాఠీవారి లాళ్యా-ఖురకూత్ మీరు చూసిన ఆ చొంగతోనే మొదలవుతుంది. మలయాళం కుళంబురోగంలో గిట్ట ఒక్కటే ఉంది. తమిళ కోమారిలోని మారి మన మహమ్మారిలోనిదే. గొంతువాపు, జబ్బవాపు అని మిగతా పశువుల జబ్బులకు కంటికి కనబడినదాన్నే పేరుగా పెట్టే మన రైతులు ఇక్కడ మాత్రం కుంటుకు ముందు గాలిని చేర్చారు. 1981లో ఈ వైరస్ ఫ్రాన్సులోని బ్రిటనీ నుంచి సముద్రం మీదుగా గాలిలోనే ఇంగ్లండుకు చెందిన వైట్ ద్వీపానికి చేరిందని తెలిసినప్పటి నుంచి ఆ మాట మీద నాకు గౌరవం పెరిగింది. వైరస్ రకాల పేర్లలోనూ ప్రాంతాలూ దేశాలూ ఉన్నాయి: ‘ఓ’ ఫ్రాన్సులోని వాజ్ ప్రాంతం పేరులోని తొలి అక్షరం, ‘ఏ’ జర్మనీకి ఫ్రెంచి పేరైన అల్‌మాఞ్‌లోనిది.

జవాబు 3 (పశువైద్యుడు):
అమ్మా, ఆ గాలి వల్ల నష్టమూ చూశాను. గాలికి వచ్చేదాన్ని ఎవరాపుతారని టీకాకు పశువును పట్టుకురాని ఇళ్లున్నాయి. మన దగ్గర ఇది ఎక్కువగా సంతలో కొన్న పశువుతో, కలిసి తాగే తొట్టితో, పాలు పితికే చేతులతో, చెప్పులతో వస్తుంది. ఒక రకానికి వచ్చిన రక్షణ ఇంకో రకానికి పనిచేయదు కనుక మన టీకాలో ఓ, ఏ, ఆసియా-1 మూడూ కలుపుతారు. దూడకు నాలుగో నెలలో మొదటిది, నెల తరువాత బూస్టరు, ఆపైన ఆరు నెలలకొకసారి వేయించాలి. మీ ఆవు సంతలోనే అంటించుకుని ఉండవచ్చు, అమ్మినాయనకు చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
చెప్పానండి. వారింట్లో ఇంకా రెండు దూడలున్నాయట, ఈ పూటే విడిగా కట్టేస్తామన్నారు.