శంషాబాద్ నుంచి డాలస్‌కు ఎంత దూరం, అసలు ఎన్ని గంటలు?

హనుమకొండ_పెద్దోడు:
అమ్మానాన్నలను డాలస్‌లో ఉన్న చెల్లె దగ్గరికి జూన్‌లో పంపాలి. ఇద్దరికీ విమానం కొత్త. తెల్లారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో ఎక్కి, అదే రోజు సాయంత్రం 4:30కి డాలస్‌లో దిగుతారని చూపిస్తున్నది. అంటే పన్నెండున్నర గంటలేనా? "గింతేనా!" అని నాన్న సంబరపడుతున్నడు.

డాలస్_కోడలు:
టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే ఉంటుంది అన్నా. ఎండాకాలంలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. అది కలపండి, 23 గంటలు. చలికాలంలో తేడా పదకొండున్నర అవుతుంది.

కాజీపేట_జంక్షన్:
సూటిగా లెక్కేస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానం లేదు. దుబాయ్ మీదుగా అయితే 2,550, అక్కడి నుంచి 12,900. అంటే చుట్టు తిరిగినా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. గ్లోబు ఉంటే ఈ రెండు ఊళ్ల మధ్య దారం లాగి చూడండి, దాదాపు ఉత్తర ధ్రువం పక్క నుంచే పోతుంది. అందుకే సీటు ముందు తెరలో విమానం పైకి, మంచు దేశాల వైపు పోతున్నట్టు కనిపిస్తే కంగారు పడొద్దని నాన్నగారికి ముందే చెప్పండి.

హనుమకొండ_పెద్దోడు:
దుబాయ్ తర్వాత 16 గంటలు ఒకే కూర్చోవడమా? నాన్నకు షుగర్, మోకాళ్ల నొప్పులు.

డాలస్_కోడలు:
మా అత్తమ్మ, మామయ్య లండన్ మీదుగా వచ్చారు. శంషాబాద్ నుంచి లండన్‌కు 7,750 కిలోమీటర్లు, అక్కడి నుంచి డాలస్‌కు 7,630. సరిగ్గా సగంలో దిగి కాళ్లు చాపుకున్నట్టు అయింది. వీల్‌చెయిర్ టికెట్ కొన్నప్పుడే అడగండి. షుగర్ మందులు, డాక్టర్ చీటీ చేతి సంచిలోనే ఉండాలి. అమెరికాలో ఇంకో ఊళ్లో విమానం మారే టికెట్ మాత్రం చవకగా వచ్చినా వద్దు. ముందు దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్, బెల్టు మీద నుంచి పెట్టెలు దించి మళ్లీ అప్పజెప్పాలి. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు అదే పెద్ద టెన్షన్.

జగిత్యాల_గల్ఫ్:
మా కథ ఉల్టా. దుబాయ్‌కి గాలిలో నాలుగు గంటలు. జగిత్యాల నుంచి శంషాబాద్‌కు కారులోనే అంతకన్నా ఎక్కువ, పైగా మూడు గంటల ముందు చేరాలి. ఇంటి గడప నుంచి లెక్కేయాలి తమ్మీ.

కాజీపేట_జంక్షన్:
నిజమే. హనుమకొండ నుంచి ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) ఎక్కినా మూడు గంటల పైమాటే. ఆదివారమైతే యాదగిరిగుట్టకు పోయివచ్చే బండ్లు, బీబీనగర్ టోల్ దగ్గర బారులు. 4 గంటల విమానానికి రాత్రి 9 కల్లా బయల్దేరండి. మన వరంగల్ పక్కనే ఉన్న మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది గానీ, 1981లో మూతబడ్డ దాన్ని మళ్లీ తెరిచేదాకా మనకు ఘట్‌కేసరే గతి.

భద్రకాళి_బండ్:
వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, డాలస్ నుంచి దుబాయ్‌కి పోయినప్పటికన్నా గంట, గంటన్నర తక్కువే పడుతుంది. తేదీ మాత్రం జాగ్రత్త. డాలస్‌లో మంగళవారం రాత్రి ఎక్కితే ఇక్కడ దిగేది గురువారం తెల్లారుజామున. కారు మాట్లాడేటప్పుడు డ్రైవర్‌కు వారం పేరుతో సహా చెప్పండి.

హనుమకొండ_పెద్దోడు:
లండన్ మీదుగానే ఖాయం చేస్తున్నా. ఇక అమ్మ అడిగేది ఒక్కటే, సకినాలు, మామిడికాయ తొక్కు ఎన్ని కిలోలు పట్టుకపోవచ్చని.

డాలస్_కోడలు:
సకినాలకు ఢోకా లేదు. తొక్కు చేతి సంచిలో పెట్టనివ్వకండి, సెక్యూరిటీ దగ్గరే తీసేయొచ్చు. గట్టిగా ప్యాక్ చేసి పెద్ద పెట్టెలో వేయండి.