ఫినాస్టెరైడ్ మానేసి 8 నెలలైనా ఛాతీలో గడ్డ కరగడం లేదు

నా వయసు 27. జుట్టు రాలుతోందని ఫినాస్టెరైడ్ 1 మి.గ్రా. రోజూ 10 నెలలు వాడాను. ఏడో నెలలో ఎడమ చనుమొన కింద చొక్కా గుండీలా గట్టిగా ఏదో చేతికి తగిలింది. తువ్వాలు రాసుకున్నా నొప్పే.

కొవ్వేమో అనుకుని 6 కిలోలు తగ్గాను. పొట్ట తగ్గింది గానీ గడ్డ అలాగే ఉంది. అప్పుడే మందు మానేశాను. స్కానింగ్‌లో పెరిగింది కొవ్వు కాదు, రొమ్ము గ్రంథి కణజాలమేనని తేలింది, 2.5 సెం.మీ. హార్మోన్ పరీక్షల్లో టెస్టోస్టిరాన్, ఎస్ట్రడయోల్, ప్రొలాక్టిన్, ఎల్‌హెచ్, థైరాయిడ్, లివర్ అన్నీ నార్మల్. ఆ మందు టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీ అనే మరో మగ హార్మోన్‌గా మారనివ్వదు కాబట్టి ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) ప్రభావం పైచేయి అయ్యుంటుందని డాక్టర్‌గారు చెప్పారు.

ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ 20 మి.గ్రా. 3 నెలలు వేసుకున్నాను. నొప్పి పూర్తిగా పోయింది, సైజు మాత్రం 2.2 దగ్గరే ఆగింది. గడ్డ మొదలై 11 నెలలు. ఏడాది దాటితే పీచులా గట్టిపడి మందులకు లొంగదంటున్నారు, నా టెన్షన్ అంతా అదే.

ఫినాస్టెరైడ్ వల్ల వచ్చి ఇంతకాలం ఉండిపోయిన గడ్డ ఆపరేషన్ లేకుండా మీలో ఎవరికైనా తగ్గిందా?