పంచభూతాల మీద సంగీతం: అనుకరణను దాటేది ఎలా?

ప్రశ్న (మంద్రషడ్జం)

నమస్కారం. నేను పన్నెండేళ్ళుగా వీణ సాధన చేస్తున్నాను. మూడేళ్ళ నుండి ఇంట్లోనే కంప్యూటరు మీద చిన్న చిన్న వాద్య రచనలు కూడా చేసుకుంటున్నాను. గత సంవత్సరం కొన్ని నెలల పాటు నిద్ర సరిగా పట్టక, మనసు ఒకచోట నిలవక చాలా అవస్థ పడ్డాను. పంచభూతాల పేరిట ఐదు రచనలు చేయాలన్న సంకల్పం ఆ రోజుల్లోనే కలిగింది. ఒక్కొక్క భూతాన్ని మనసులో ఉంచుకొని కొన్నాళ్ళు గడిపితే సంగీతమూ పుడుతుందని, నాలో తప్పిన సమతూకమూ కొంత కుదురుకుంటుందని ఆశపడ్డాను.

మూడు రచనలు పూర్తయ్యాయి గాని తృప్తి కలగలేదు. జలానికి వాన చప్పుడు, అగ్నికి కట్టెలు కాలే చిటపట, వాయువుకు ఈదురుగాలి హోరు రికార్డు చేసి, వాటి కింద వీణ వాయించాను. మొన్న ఒక రాత్రి ఆ చప్పుళ్ళన్నీ తీసివేసి వీణను మాత్రమే విన్నప్పుడు, ఏది ఏ భూతానికి సంబంధించిన రచనో నాకే తెలియలేదు. అంటే నీరు చప్పుడులో ఉన్నదే తప్ప స్వరంలోకి రాలేదన్నమాట.

నా సందేహాలు రెండు. చప్పుడును అనుకరించకుండా ఒక భూతాన్ని స్వరంలోకి తెచ్చే మార్గం ఏమిటి? రెండవది, ఇటువంటి సాధన వలన మనిషికి నిజంగానే నిలకడ కలుగుతుందా, లేక అది నేను కల్పించుకున్న ఆశ మాత్రమేనా?

సమాధానం (గమకం)

లోపం ఎక్కడున్నదో మీరే పట్టుకున్నారు కనుక సగం పని అయినట్టే. ఈ దారిలో మనకు ముందు నడిచినవారు ముత్తుస్వామి దీక్షితులు. ఆయన పంచభూత లింగ క్షేత్రాల మీద ఐదు కృతులు రచించారు. కాంచీపురంలోని పృథ్వీ లింగానికి భైరవి, జంబుకేశ్వరంలోని జల లింగానికి యమునాకల్యాణి, అరుణాచలంలోని తేజో లింగానికి సారంగ, శ్రీకాళహస్తిలోని వాయు లింగానికి హుసేని, చిదంబరంలోని ఆకాశ లింగానికి కేదారం రాగాలను ఎంచుకున్నారు. వీటిలో ఎక్కడా అలల చప్పుడు గాని మంటల చిటపట గాని అనుకరణగా వినిపించదు. జల కృతి సాహిత్యంలో సముద్రం, గంగ, కావేరి, యమున వస్తాయన్నది నిజమే గాని, ఆ మాటలు అర్థం కాని శ్రోతకు కూడా యమునాకల్యాణి ఒక స్వరం నుండి మరొక స్వరానికి తొందర లేకుండా జారే తీరులో ప్రవాహం తెలుస్తుంది. నా మటుకు నేను ఆ కృతిని నేర్చుకున్న రోజుల్లో, మీటు తగ్గించి జారును పెంచిన కొద్దీ పాట నీటిలోకి దిగినట్టు అనిపించేది.

మీ రచనలకు ఉపయోగపడే సూత్రం మరొకటి మన శాస్త్రంలోనే ఉంది. ఆకాశం నుండి వాయువు, వాయువు నుండి అగ్ని, అగ్ని నుండి జలం, జలం నుండి పృథ్వి పుట్టాయని తైత్తిరీయోపనిషత్తు చెబుతుంది. ఆకాశానికి ఉన్న గుణం శబ్దం ఒక్కటే. వాయువుకు శబ్దంతో పాటు స్పర్శ, అగ్నికి వాటితో పాటు రూపం, జలానికి రసం, పృథ్వికి గంధం వచ్చి చేరుతాయని దార్శనికులు వివరించారు. దీనిని తత్త్వంగా మాత్రమే చదివి వదిలివేయకుండా రచనా క్రమంగా తీసుకొని చూడండి. ఆకాశానికి ఒకే షడ్జం (సరిగమలలోని ‘స’), దాని చుట్టూ నిశ్శబ్దం చాలు. వాయువులో స్పర్శ వస్తుంది కనుక అదే స్వరాన్ని రకరకాల మీటులతో, కొనగోటితో, వేలి మెత్తతో తాకండి. అగ్నిలో రూపం వస్తుంది. అంటే తాళం మొదలై, సంగతికి, అనగా స్వరాల వరుసకు, ఆకారం ఏర్పడుతుంది. జలంలో రసం, అనగా స్వరాన్ని ఊపి జార్చే గమకం చేరి రాగం పూర్తిగా తెరుచుకుంటుంది. గంధం మాటకు వస్తే, పూవును తీసివేసిన తరువాత కూడా మిగిలేది అదే కనుక, పృథ్విలో వాయించిన స్వరం ఆగిన తరువాత మిగిలే అనురణనాన్ని పట్టించుకోండి. ఇది గ్రంథాలలో ఉన్న సంగీత నియమం కాదు, నేను చేసుకున్న అన్వయమే. అయితే నా విద్యార్థుల చేత మనోధర్మ సాధనలో, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించే సాధనలో, దీనిని చేయించాను. వారిలో ఎక్కువమందికి ఆకాశమే అన్నిటికన్నా కష్టమనిపించింది.

సమాధానం (నాదపేటిక)

నేను ధ్వనిముద్రణ పనిలో ఉన్నవాడిని. పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చదలచాను. ప్రకృతిలోని చప్పుళ్ళను పూర్తిగా వెలివేయనక్కరలేదు. వాటిని తెరలా వేలాడదీయకుండా వాద్యంగా వాడుకోవాలి.

ఒక గాజు సీసాను తీసుకొని ఖాళీగా ఉన్నప్పుడు చెంచాతో మెల్లగా తట్టండి, తరువాత దాని మూతి మీదుగా గాలి ఊదండి. ఇప్పుడు సగానికి నీరు పోసి రెండూ మళ్ళీ చేయండి. తట్టినప్పుడు శ్రుతి తగ్గుతుంది, ఊదినప్పుడు పెరుగుతుంది. తట్టినప్పుడు కంపించేది గాజు. నీటి బరువు దానిని నెమ్మదింపజేస్తుంది కనుక స్వరం కిందికి దిగుతుంది. జలతరంగంలో కప్పుల శ్రుతిని సరిచేసేది కూడా ఇలాగే. ఊదినప్పుడు కంపించేది లోపలి గాలి. నీరు చేరిన మేరకు గాలికి చోటు తగ్గుతుంది కనుక స్వరం పైకి పోతుంది. ఒకే సీసాలో జలం ఒకటే అయినా రెండు వైపులకు లాగుతున్నది. ఈ రెండు స్వరాలనూ రికార్డు చేసి, ఒకటి దిగుతూ మరొకటి ఎక్కుతూ ఉండేటట్టు అల్లితే జలానికీ వాయువుకూ మధ్య నడిచే సంభాషణ దొరుకుతుంది.

అగ్ని విషయంలోనూ ఇటువంటిదే జరుగుతుంది. వేడెక్కితే వేణువు శ్రుతి పెరుగుతుంది, లోహపు తీగ శ్రుతి సడలుతుంది. వేణువూ వీణా కలిసి వాయించే కచేరీలో దీపాల వేడికి ఒకటి పైకి, ఒకటి కిందికి జరగడం నేను ఎన్నోసార్లు చూశాను.

పాశ్చాత్యుల నాలుగు మూలకాల ఊహ క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు ఎంపెడొక్లిస్ నాటిది. వాటిని వాద్యబృందానికి తెచ్చినవారిలో ఫ్రెంచి స్వరకర్త జాఁ ఫెరీ రెబెల్ (1666–1747) పద్ధతి మీకు పనికివస్తుంది. భూమికి మంద్ర వాద్యాల కలిపిన స్వరాలు, నీటికి ఎక్కుతూ దిగుతూ సాగే వేణువులు, గాలికి దీర్ఘంగా నిలిపి చివర కంపింపజేసే చిన్న వేణువుల స్వరాలు, నిప్పుకు వయొలిన్ల చురుకైన కమాను దెబ్బలు కేటాయించారు. అన్నిటికన్నా ముందు, మూలకాలు ఇంకా విడిపోని అవ్యక్త స్థితికి గుర్తుగా స్థాయిలోని ఏడు స్వరాలనూ ఒక్కసారిగా మోగించారు. అంటే ఆయన పట్టుకున్నది ప్రతి మూలకం కదిలే తీరునే.

సమాధానం (నాభిస్వరం)

మీ రెండవ సందేహానికి మాత్రమే సమాధానం రాస్తున్నాను. ఫలానా భూతానికి ఫలానా హెర్ట్జుల ధ్వని అని, దానిని వింటే దోషాలు సమమవుతాయని చాలామంది ప్రచారం చేస్తున్నారు. దయచేసి అటువైపు వెళ్ళవద్దు. మన సంగీతంలో ఆధార షడ్జం గాయకుని గొంతును బట్టి మారుతుంది కనుక, అందరికీ వర్తించే అంకె ఒకటి ఉన్నదనడం ఆ సంప్రదాయానికే పొసగదు.

సంప్రదాయం చెప్పినది దీనికన్నా సూక్ష్మమైనది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో నాదం పుట్టే తీరును వర్ణించాడు. పలకాలన్న కోరిక ఆత్మకు కలుగుతుంది, అది మనసును ప్రేరేపిస్తుంది, మనసు దేహంలోని అగ్నిని తాకుతుంది, అగ్ని వాయువును కదిలిస్తుంది, ఆ వాయువు నాభి, హృదయం, కంఠం, శిరస్సు, నోరు అనే స్థానాలలో ధ్వనిగా వెలువడుతుంది. త్యాగరాజస్వామి సారమతి రాగ కృతిలో ప్రాణానల సంయోగం (ప్రాణవాయువూ అగ్నీ కలవడం) అన్నది ఈ భావాన్నే. భూతాలు బయట ఉన్న దృశ్యాలు కావు, పాడే శరీరంలో అప్పటికే పని చేస్తున్నవి అని దీని అర్థం.

అందుచేత వీణను కాసేపు పక్కన పెట్టి గొంతు విప్పండి. తంబుర శ్రుతిలో మంద్ర షడ్జాన్ని, అంటే కింది స్థాయి ‘స’ను, తీసుకొని, నాలుగైదు క్షణాలు గాలి పీల్చి, ఐదారు క్షణాలు సన్నగా విడుస్తూ పాడితే నిమిషానికి సుమారు 6 శ్వాసలవుతాయి. గాలి పీల్చినప్పుడు గుండె వేగం కొంచెం పెరిగి, విడిచినప్పుడు తగ్గడం శరీర ధర్మం. శ్వాస ఇంత నెమ్మదించినప్పుడు ఆ హెచ్చుతగ్గులు విశాలమై, ఒక లయలోకి వస్తాయి. మీరు కోరుకున్న నిలకడకు ఇది గట్టి ఆధారం. అయితే నిద్రలేమి మళ్ళీ వారాల తరబడి వేధిస్తే వైద్యుని కలవండి. సంగీతాన్ని మందుకు బదులుగా పెట్టుకోవద్దు.

మంద్రషడ్జం

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మూడు వారాలు ప్రయత్నించి తిరిగి వచ్చాను. వాన చప్పుడును పూర్తిగా తీసివేసి, జల రచనను ఒకే మీటు మీద నాలుగు స్వరాలు పలికేటట్టు తీగను పక్కకు లాగుతూ మళ్ళీ వాయించాను. మొదటి రోజు వేలు కోసుకుపోయింది గాని, ఇప్పుడు ఆ ముద్రణను పేరు చెప్పకుండా వినిపిస్తే మా చెల్లెలు నీరు అని గుర్తుపట్టింది. సీసా ప్రయోగం వాయు రచనలోకి చేరింది. ఉదయం పూట మంద్ర షడ్జ సాధన మానకుండా సాగుతున్నది. రాత్రి పదకొండు దాటాక చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని రచన చేయడం మానుకున్నాను; నిద్ర మెరుగుపడడంలో సాధన పాలు ఎంతో, ఈ మార్పు పాలు ఎంతో విడదీసి చెప్పలేను.

ఆకాశం మాత్రం చేతికి చిక్కలేదు. ఒకే షడ్జం వాయించి ఊరుకోవాలని కూర్చుంటాను, రెండు నిమిషాలు గడవకముందే వేళ్ళు పంచమం (‘ప’) వైపు పోతున్నాయి.

గమకం

వేళ్ళను అదుపు చేయాలని ప్రయత్నించకండి, చెవికి పని ఇవ్వండి. మీటిన తరువాత నాదం సన్నగిల్లుతూ పోతుంది కదా, అది వినిపిస్తున్నదో లేదో మీరు తేల్చుకోలేని స్థితి ఒకటి వస్తుంది. అక్కడి నుండి ఒక నిండు శ్వాస తీసుకొని విడిచాకే రెండవ మీటు వేయండి. ముద్రణను మధ్యలో ఆపవద్దు, ఆ ఖాళీలను తరువాత కత్తిరించవద్దు. పంచమం ఎలాగూ వినిపిస్తుంది. షడ్జం తీగలోనే అది స్వయంభువుగా, ఎవరూ మీటకుండా దానంతటదే, పలుకుతూ ఉంటుంది. పది మీటులు పూర్తయ్యాక ఏం విన్నారో ఇక్కడ రాయండి.