గ్రాఫిక్స్ ప్రోగ్రాం కూలిన తర్వాత కన్సోల్ తెరను తిరిగి రప్పించడం ఎలా?

ప్రశ్న: లినక్స్ కన్సోల్‌లో (కిటికీలు లేని, అక్షరాల తెరలో) ఫ్రేమ్‌బఫర్‌పై, అంటే తెరపై కనిపించే చుక్కలను ఉంచే మెమరీపై, నేరుగా బొమ్మలు గీసే ప్రోగ్రాం కూలినప్పుడు తెర స్తంభించిపోతోంది, కీబోర్డు కూడా స్పందించడం లేదు. నడుస్తున్న ఇతర పనులు పోకుండా, రీబూట్ చేయకుండా బయటపడే మార్గం ఉందా?

సమాధానం 1: ఉంది. ప్రోగ్రాం కన్సోల్‌ను గ్రాఫిక్స్ స్థితికి, కీబోర్డును రా స్థితికి (మీటల సంకేతాలు కెర్నెల్ అర్థం చేసుకోకుండా నేరుగా ప్రోగ్రాంకే వెళ్లే స్థితికి) మార్చి, వాటిని పూర్వస్థితికి తేకుండానే ఆగిపోవడం వల్ల కెర్నెల్ (లినక్స్ మూలభాగం) ఆ తెరపై అక్షరాలు గీయదు. ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ (సాధారణంగా ప్రింట్ స్క్రీన్ మీట), ఆర్ మీటలను కలిపి నొక్కి కీబోర్డును విడిపించి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 మీటలతో మరో కన్సోల్‌కు వెళ్లి చూడండి.

సమాధానం 2: కొన్ని వ్యవస్థల్లో సిస్‌ఆర్‌క్యూ మీటతో కెర్నెల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సౌకర్యాన్ని నిలిపివేసి ఉంచుతారు. అప్పుడు మరో కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ ద్వారా సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా ప్రవేశించి, రూట్ (నిర్వాహకుని) హక్కులతో, మరో కన్సోల్‌కు మార్చే సీహెచ్‌వీటీ ఆదేశం ఇచ్చి చూడవచ్చు. రీసెట్ ఆదేశం టెర్మినల్ అమరికలను మాత్రమే సరిచేస్తుంది, గ్రాఫిక్స్ స్థితిని మార్చదు.

సమాధానం 3: ప్రోగ్రాం మీదే అయితే, సిగ్నల్ హ్యాండ్లర్ (వ్యవస్థ పంపే ఆపివేత వంటి సంకేతాలు అందినప్పుడు ప్రోగ్రాంలో నడిచే భాగం) కంటే, దానిని కనిపెట్టుకుని ఉండి అది ఆగగానే కన్సోల్‌ను అక్షర స్థితికి మార్చే వేరే ప్రాసెస్‌ను పెట్టడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రోగ్రాంను బలవంతంగా ఆపే సిగ్‌కిల్ సంకేతాన్ని ఏ హ్యాండ్లరూ పట్టుకోలేదు.