పెంకులు తీసి రేకులు వేయించాలి, మూడు కొటేషన్లు ఎలా పోల్చాలండీ?

మాది రాజోలు వైపు, పాత మండువా ఇల్లు (మధ్యలో పైకప్పు లేని వాకిలి, చుట్టూ లోపలికి వాలే కప్పు). పెంకులు పగిలి, తాటి వాసాలు చెదపట్టి వానొస్తే లోపలంతా కారిపోతోంది, అందుకే ఇనుప పైపులతో ట్రస్సు (కప్పును మోసే చట్రం) కట్టించి కలర్ రేకులు వేయిద్దామని ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకున్నాం. ఒకాయన అన్నీ కలిపి చదరపు అడుక్కి 230 అన్నారు. రెండో ఆయన ఇనుము కిలోల లెక్కన, రేకులు విడిగా, కూలి విడిగా రాశారు. మూడో ఆయన మొత్తం ఒకే అంకె వేశారు, అంతే.

నా అసలు డౌట్ కొలత దగ్గర. అడుగులు నేల మీద కొలుస్తారా, వాలు వెంబడి చూరు చివరిదాకా కొలుస్తారా? రేకు మీద రేకు ఎక్కే భాగం ఎవరి లెక్కలోకి వస్తుంది? మండువా నాలుగు మూలల్లో వాలులు కలిసేచోట వేసే గట్టర్ గురించి ముగ్గురిలో ఒక్కరూ రాయలేదు, నీరు దిగేదే అక్కడ కదండీ!

రేకు మందం ఇద్దరు 0.50 ఎంఎం అన్నారు, అది రంగు, పూత కలిపా, లోపలి స్టీలు ఒక్కటేనా? సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము తొందరగా తుప్పు పడుతుంది, మామూలు జీఐ (జింకు పూత రేకు) కంటే గాల్వాల్యూమ్ (అల్యూమినియం, జింకు కలిపిన పూత రేకు) ఎక్కువ కాలం ఆగుతుందంటున్నారు, వేయించినవాళ్లు చెప్పండి. 1996 నవంబరు తుఫాను చూసిన ఊరు మాది, కాబట్టి రేకు లేవకుండా స్క్రూలు ఎంత దూరంలో కొట్టించారో, పైపు ఏ సైజుదో కూడా రాయండి. వాళ్లు చెప్పిన రేటులోనే జీఎస్టీ కలిసి ఉందా, దింపిన పెంకులు, దూలాలు ఎవరివి అన్నది ముందే కాగితం మీద రాయించుకోమని అమ్మ అంటోంది. ఇంకేం రాయించుకోవాలి? వానలు మొదలయ్యేలోపు పని అప్పగించాలి.