గ్రామసభ పర్మిట్‌తో వెదురు విజయవాడ దాకా ఎలా తేవాలి?

రంపచోడవరం వైపు ఒక కొండరెడ్ల గ్రామసభ, తనకొచ్చిన సామాజిక అటవీ హక్కుల పట్టా కింది వెదురును విజయవాడ అడితికి అమ్మాలనుకుంటోంది. దొండ, కాకర పందిళ్లకు బొంగులు కొనేవాళ్లు ఇక్కడ సిద్ధంగా ఉన్నారు. చెక్‌పోస్టులో మాత్రం అటవీ శాఖ పర్మిట్ ఏదీ అంటున్నారు.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా చెప్పి, సెక్షన్ 3(1)(సి)లో యాజమాన్యం, అమ్ముకునే హక్కు ఇచ్చింది. ఆ చట్టం కింది 2008 నిబంధనల్లో రవాణాకు తలమోపు, సైకిల్, తోపుడుబండి అని ఉండేది. 2012 సవరణలో తగిన రవాణా సాధనం ఏదైనా అన్నారు, కాబట్టి లారీ తప్పు కాదు. పర్మిట్ ఇవ్వాల్సింది నిబంధన 4(1)(ఇ) కింద గ్రామసభ వేసుకునే కమిటీ, లేదా గ్రామసభ అధికారమిచ్చిన వ్యక్తి. రాయల్టీ, ఫీజు ఏవీ లేవు. చెక్‌పోస్టువాళ్లు పాత నిబంధనే ఇంకా పట్టుకోవడం వల్ల చిక్కొస్తోందని మా అంచనా. కొందరు భారత అటవీ చట్టానికి వచ్చిన 2017 సవరణ ఎత్తుతారు. అది అడవి బయట పెరిగిన వెదురు సంగతి, దీనికి వర్తించదు.

పర్మిట్‌లో వరుస సంఖ్య, తేదీ, బొంగుల లెక్క, పొడవు, లారీ నంబరు, చేరాల్సిన అడితి, సంతకం, ముద్ర ఉంటాయి. పట్టా నకలు, తీర్మానం జత చేస్తారు. ఇంకేం కావాలి? లోడు బయల్దేరేముందే డీఎఫ్‌ఓ (డివిజన్ అటవీ అధికారి)కు ఒక ప్రతి పంపి రసీదు తీసుకుంటే సరిపోతుందా? అటవీ హక్కుల జిల్లాస్థాయి కమిటీ నుంచి చెక్‌పోస్టులకు సర్క్యులర్ ఎవరైనా ఇప్పించారా? సరుకు పట్టుకుంటే ముందు అటవీ హక్కుల చట్టం సెక్షన్ 8 కింద రాష్ట్రస్థాయి పర్యవేక్షణ కమిటీకి 60 రోజుల నోటీసు ఇవ్వాలా, 1967 రాష్ట్ర అటవీ చట్టం సెక్షన్ 44 జప్తును సవాలు చేయాలా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి, పర్మిట్ పుస్తకం నమూనా ఉంటే పెట్టండి.